పెదాలు కనిపిస్తే చాలన్న బాబాయ్

బాబాయ్ పోయాడని మా తెలుగు సంఘం సెక్రటరీ గారు ఫోన్ చేసేసరికి నేను బ్యాంకులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. "అచ్ఛా" అన్నాను. అంతే. గ్యాస్ బండ వచ్చిందని ఎవరో చెప్పినట్టు అచ్ఛా అనేసి ఫోన్ పెట్టేశాను. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన నోరు కదా, ఏం విన్నా ముందు ఆ మాటే వస్తుంది. మేనేజరుకి హిందీలో ఏదో చెప్పి, స్కూటీ తీసి, నెహ్రూ నగర్ నుంచి మంగ్లాలో బాబాయ్ ఇంటికి వెళ్ళాను. అప్పటికే వాకిట్లో చాప వేసి పడుకోబెట్టారు.

ఆయనకీ నాకూ రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్న రైల్వేలో గార్డు. ఈయనది లోకో షెడ్డులో బాయిలర్ పని. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్ళే, క్వార్టర్లు పక్కపక్కన. అందుకని ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. నేను మా ఇంట్లో ఎంత పెరిగానో వాళ్ళింట్లోనూ అంతే పెరిగాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మూడేళ్ళ కిందట ఆయనతో ఒక వాదన వేసుకుని నేను గెలిచాను. నేను గెలవడం వల్ల పిన్ని పాటని ఆయన మళ్ళీ చూసుకోకుండానే పోయాడు. ఆ ముక్క మింగేసి, ఆయన మంచివాడు, అందరికీ సాయం చేసేవాడు అని సంఘం వాళ్ళకి నాలుగు వాక్యాలు రాసిచ్చి చేతులు దులుపుకోవచ్చు. అలా రాస్తే పిన్ని నన్ను కలలోకొచ్చి మరీ తిడుతుంది.

పాటని చూసుకోవడం ఏమిటి అంటారు. చెప్తాను. బాబాయ్ ఆవిరి ఇంజన్ల కాలంలో చేరి ఇరవై ఏళ్ళకి పైగా బాయిలర్లకి రివెట్లు కొట్టాడు. ఆ చప్పుడులో పనిచేసినవాళ్ళలో చాలామందికి చెవులు దెబ్బతిన్నాయి. ఈయనకి "కొంచెం చెవుడు" అని కాలనీ అంతా అనుకునేది. కొంచెం కాదు. రిటైరయ్యేనాటికే ఆయనకి బొత్తిగా వినపడదు. ఎదటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఈ సంగతి పిన్నికొక్కదానికే తెలుసు. పక్కింట్లో పెరిగిన నాకు మాత్రం రెండేళ్ళ కిందట, ఆయన చెబితే గాని తెలియలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఎన్ని గుర్తులో. సాయంత్రం కరెంటు పోయిందంటే బాబాయ్ మాట ఆగిపోయేది. దీపం తెచ్చేదాకా ఎవరు ఏం అడిగినా పలికేవాడు కాదు. కోపిష్టి మనిషి అనుకునేవాళ్ళం. పెద్ద మీసాలున్నవాళ్ళంటే ఆయనకి పడేది కాదు. పెళ్ళి వీడియో అడగడానికి వచ్చిన ఆడపిల్ల తండ్రితో ముందు "ఆ మీసం కాస్త కత్తిరించుకురా, వీడియోలో మూతి కనపడదు" అనేవాడు. గుట్కా నములుతూ మాట్లాడేవాళ్ళని "థూక్ కే ఆవో భయ్యా" అని, ఉమ్మేసి రమ్మని వాకిట్లోకి తరిమేవాడు. మాకు అదంతా తమాషాగా ఉండేది. నేనైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడి ఏడిపించేదాన్ని. "సెయ్యి తియ్యి తల్లీ, మొకం బాగుంటాది నీది" అనేవాడు గాని, వినపడ్డంలేదు అని ఒక్కసారి కూడా అనలేదు.

షెడ్డు ఉద్యోగంలో ఉండగానే ఫొటోలు తీసేవాడు. తర్వాత వీడియో పట్టుకున్నాడు. రిటైరయ్యాక అదే పని. బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో ఆయన తియ్యని పెళ్ళి లేదు, బారసాల లేదు. వినపడని మనిషి వీడియో ఎలా తీశాడంటే, కెమెరాలో శబ్దం గీతలు లేస్తాయి కదా, వాటిని చూసేవాడు. పక్కన పిన్ని ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. మంత్రం మొదలైతే ఆయన మోకాలి మీద ఒకసారి తట్టేది, బాజా మొదలైతే రెండుసార్లు. భర్త మీద ప్రేమ కొద్దీ వెంట తిరుగుతోందని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ప్రేమ సంగతి నిజమే. దానితోపాటు పనీ ఉందని ఎవరికీ తెలియదు. చెవిటివాడని తెలిస్తే పెళ్ళి వీడియో ఎవరిస్తారు మరి.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. డిస్కు చేసి ఇచ్చి ఊరుకునేవాడు కాదు. తనే ఆ ఇంటికి వెళ్ళి, అందరితోపాటు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసేవాడు. ముసలివాళ్ళు, పిల్లలు, వంటింట్లో ఉన్నవాళ్ళు అందరూ రావలసిందే. అయిపోయాక "సూసేరా?" అని అడిగేవాడు. "చూశాం" అని ఆ ఇంటి పెద్ద నోటితో అనాలి. ఆ మాట అన్నాకే ఇంటికొచ్చి ఆ టేపు తుడిచి, మరో పెళ్ళికి వాడుకునేవాడు. ఒకసారి ఒక ఇంట్లో తాతగారు జ్వరంతో పడుకున్నారని, ఆయన లేచి చూసేదాకా రెండు వారాలు టేపు ముట్టుకోలేదు. "ఎవులో ఒకలు సూడకుండా తుడిసేస్తే, అది వాళ్ళ మొకం మీద తుడిసినట్టే" అనేవాడు.

రెండువేల ఏడు ఉగాదికి సంఘం హాల్లో పాత రైల్వే కుటుంబాల ఆడవాళ్ళు ఎనిమిదిమంది పాటలు పాడారు. ఊళ్ళ నుంచి తెచ్చుకున్న పాటలు కొన్ని, ఇక్కడికొచ్చాక వాళ్ళే కట్టుకున్నవి కొన్ని. మన పిల్లలకి తెలుగు చదవడం రాదు, రాసిపెడితే లాభం లేదు, మంచి వీడియో తీసి ఇంటింటికీ ఇద్దామని బాబాయే ముందుకొచ్చాడు. రాయపూర్ నుంచి హైడెఫినిషన్ కెమెరా రెండు రోజులకి అద్దెకి తెచ్చాడు. కెమెరా తిరిగిచ్చేలోగా ఆ టేపులన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కించాం. ఆరు గంటల వీడియో.

ఆ పాటల్లో ఒకటి పిన్ని సొంతంగా కట్టింది. కొత్త పెళ్ళికూతురు రైలెక్కి బిలాస్‌పూర్ రావడం. బాబాయ్‌కి చెవులు పోయిన చాలా ఏళ్ళకి కట్టింది, కాబట్టి ఆ పాట ఆయన ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఆయనకి ఎదురుగా కూర్చుని పాడేదట. ఆయన చూసేవాడట. హాల్లో రెండు చరణాలే పాడింది. కార్యక్రమం అయిపోయి, మిగతావాళ్ళు ఫలహారాల దగ్గరికి వెళ్ళాక, ఖాళీ చాపల మధ్య కూర్చుని కెమెరా వెనక ఉన్న మొగుడికోసం మూడోది కూడా పాడింది. దగ్గరికి వస్తే సిగ్గుపడి ఆపేస్తుందని ఆయన కెమెరాని ఉన్నచోటునుంచి కదపలేదు. దూరంగానే తీశాడు. ఇదంతా ఆయన తర్వాత చెప్పిందే. ఆరు గంటల వీడియో నా దగ్గరే ఉన్నా నేను పూర్తిగా చూడలేదు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

చుక్కలంటే వీడియో బొమ్మలో ఉండే చుక్కలు, నేను గెలిచానన్న గొడవ వాటి గురించే. ఆ రోజుల్లో బ్లూరే డిస్కులు అప్పుడే వస్తున్నాయి. బొమ్మ అద్దంలా ఉంటుందని చదవడమే గాని, ఆ డిస్కులు రాసే పెట్టెని మన ఊళ్ళో కళ్ళతో చూసినవాళ్ళు లేరు. బాబాయ్ రాయపూర్ బజారులో ఒక చవక ప్లేయరు పట్టుకొచ్చాడు. అది మామూలు డీవీడీ డిస్కు మీదే హైడెఫినిషన్ ఆడిస్తుంది. కాకపోతే పూర్తి హైడెఫినిషన్ కాదు. బొమ్మలో వెయ్యిన్నీ ఎనభై గీతలుండాల్సింది, ఏడువందల ఇరవయ్యే ఉంటాయి. డిస్కు పది రూపాయల సరుకు. ప్లేయరు కూడా చాలా ఇళ్ళకి అందే ధరే. దీనిమీద వేసి ఇప్పుడే పంచేద్దాం అని ఆయన. వద్దు అని నేను.

సంఘం హాల్లో మీటింగు పెట్టారు. కొత్తగా కొన్న ఎల్‌సీడీ టీవీ మీద బాబాయ్ అందరూ కలిసి పాడిన పాట ఒకటి, ఒక నిమిషం, మూడు రకాలుగా ఆడించాడు. మామూలు డీవీడీలో చూపించి, "ఇందులో మొకాలే గాని మాట కనపడదు" అన్నాడు. మాట కనపడ్డమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చవక డిస్కు. కుర్చీ వెనక్కి జరుపుకుని, మళ్ళీ ముందుకి జరుపుకుని చూశాడు. చివరికి నా కంప్యూటర్ తగిలించి పూర్తి బొమ్మ చూపించాడు. "ఆ రెండోది సాలు. మూడోదాట్లో నాకు ఎక్కువేటీ కనపళ్ళేదు. అయినా ఈ టీవీకే అన్ని గీతల్లేవు కదా తల్లీ."

ఆ మాట నిజం. ఆ టీవీలో ఉన్నవి ఏడువందల అరవై ఎనిమిది. నాకు తెలుసు. తెలిసి కూడా లేచి నిలబడ్డాను. నెట్‌లో రోజూ ఈ గొడవలే చదువుతున్న కాలం అది. నోరు ఊరుకుంటుందా. "పూర్తి బొమ్మలో ఇరవై లక్షల చుక్కలుంటాయి. బాబాయ్ చెప్పేదాంట్లో తొమ్మిది లక్షలు. సగం కూడా లేదు. మన పెద్దవాళ్ళ పాటల్ని సగం పారేసి పిల్లలకిస్తామా? ఒకసారి తక్కువది ఇంటింటికీ వెళ్ళాక పూర్తిది ఇంకెవరు అడుగుతారు? రెండేళ్ళు ఆగితే బ్లూరే చవకవుతుంది. ఇస్తే పూర్తిదే ఇద్దాం." అన్నాను.

బాబాయ్ నా మూతివంకే చూస్తున్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"ఆ పారేసిన సగంలో ఏటుందో సెప్పు తల్లీ."

అప్పటికే హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. సగం పారేస్తామా అన్న మాట అందరికీ తగిలింది. చేతులెత్తమంటే నా వైపే ఎక్కువ లేచాయి. సెక్రటరీ గారు ఆగుదామని రాసేసుకున్నారు. బ్యాంకులో కంప్యూటర్లు చూసే పిల్ల చెప్పింది, షెడ్డు మనిషి కన్నా దానికి తెలీదా అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

బయట చెప్పులేసుకుంటుంటే పిన్ని నా చెవి పట్టుకుంది. "ఏటే గుంటా, నన్ను ఆ పెట్టిలో ఎట్టి తాళమేసేసినావేటి? నాను పోయాక తీత్తావా?"

"పిన్నీ, నువ్వు నూరేళ్ళుంటావు. రెండేళ్ళు ఆగలేవా?" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండును. ఆ వేసవిలో పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. బాబాయ్‌కి టేపులు చాలలేదు. నా దగ్గరకొచ్చి, ఆ ఉగాది టేపులు ఆరూ వాడుకోవచ్చా అని అడిగాడు. "వాడుకో బాబాయ్. టేపులో ఏముందో కంప్యూటర్లో అదే ఉంది, ఒక్క చుక్క కూడా తేడా లేదు" అన్నాను. అది కూడా నిజమే. నేను చెప్పేవన్నీ నిజాలే, అక్కడే ఉంది నా రోగం.

"ఇంకా ఎవులూ సూడలేదు కదమ్మా" అన్నాడు.

"కంప్యూటర్ చూసింది కదా" అని నవ్వాను.

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఫరవాలేదన్నాను. అన్నేళ్ళ పద్ధతి నా మాట మీద వదిలేసి, ఆ ఆరు టేపులూ తుడిచేసి పెళ్ళిళ్ళకి వాడేశాడు. కంప్యూటర్లో ఆ వీడియో ఎనభై జీబీ హార్డ్ డిస్కుని దాదాపు నింపేసింది. రెండో కాపీకి ఇంకో హార్డ్ డిస్కు కొనాలి. వచ్చే నెల కొందాంలే అనుకున్నాను. ఆ వచ్చే నెల రానేలేదు.

మరుసటేడు వానాకాలంలో పిన్ని పోయింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే నాలుగు రోజుల్లో అయిపోయింది. పెద్దకార్యం అయ్యాక బాబాయ్ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సవక డిస్కయినా పరవాలేదు తల్లీ. ఓసారి సూపించు" అన్నాడు.

ఆయన్ని కూర్చోబెట్టి కంప్యూటర్ వేశాను. ఆ వీడియో ఉన్న హార్డ్ డిస్కు పలకలేదు. టిక్ టిక్ మని చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. వేసవంతా కరెంటు ఎక్కువా తక్కువా అవుతూ వచ్చింది. ఆ పాటలు పెట్టాక ఆ డిస్కుని నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆయనకి ఆ చప్పుడు వినపడదు కాబట్టి తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

"చిన్న రిపేరు బాబాయ్, రేపు చూద్దాం" అన్నాను.

రాయపూర్ పంపాను. లాభం లేదన్నారు. నాగ్‌పూర్ పంపాను. అక్కడా అదే మాట. నెలన్నర పాటు బాబాయ్ కనిపిస్తే, వస్తుంది, వచ్చే వారం వస్తుంది అని చెప్పాను. చివరికి ఒక ఆదివారం పొద్దున్న మంగ్లా వెళ్ళి, ఆయన ముందు పీట మీద కూర్చుని, పోయింది బాబాయ్ అని చెప్పేశాను.

"తెల్సు. నువ్వు అబద్దమాడితే నీ పెదాలు తొందరపడతాయి" అన్నాడు.

అప్పుడు చెప్పాడు మొత్తం. చెవుల సంగతి, పెదాల సంగతి, ఖాళీ చాపల మధ్య పిన్ని పాడిన మూడో చరణం సంగతి. మామూలు డీవీడీలో ఆ దూరానికి ఆమె నోరు మసకగా ఉంటుంది. చవక డిస్కులో ప్రతి మాటా తెలుస్తుంది. హాల్లో ఆ రోజు కుర్చీ వెనక్కీ ముందుకీ జరుపుకుని ఆయన చూసుకున్నది అదే. ఆ మూడో ముక్క మాత్రం కత్తిరించి తన ఒక్కడి డిస్కులోనే పెట్టుకుందామనుకున్నాడు. పూర్తి బొమ్మ ఆయనకి అక్కర్లేదు. భార్య మాట కనిపిస్తే చాలు. అది ఆ తొమ్మిది లక్షల చుక్కల్లోనే ఉంది. అప్పుడే ఇంటింటికీ పంచి ఉంటే పాటలు ఏదో ఒక ఇంట్లో, ఆ మూడో చరణం ఆయనింట్లో మిగిలి ఉండేవి.

"మీటింగులో ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరుపు ఆయనకి చేరదని అప్పటికి ఇంకా తలకెక్కలేదు నాకు.

"సెవిటోడికి వీడియోలు ఎవులిస్తారమ్మా?" అన్నాడు.

"నన్ను తిట్టు బాబాయ్" అన్నాను.

"తిడితే ఇనేది నువ్వు. నాకేటొస్తాది? అయినా టేపులు తుడిసిన సెయ్యి నాది." అని లేచి, నాకు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. నేను పెడతానంటే ఒప్పుకోలేదు. ఆ చాయ్‌లో పంచదార వెయ్యడం మర్చిపోయాడు. నేను అలాగే తాగేశాను.

ఆయన తిట్టి ఉంటే నాకు ఇప్పుడు కొంచెం తేలికగా ఉండేదేమో. తిట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. సంఘంలో అడిగితే కంప్యూటర్ పాడైందట అని ఊరుకున్నాడు, నా పేరు ఎత్తలేదు. అందుకే నేను ఎత్తుతున్నాను. ఆ పాటలు పోయింది నా వల్ల. తెలుగు చదవలేని పిల్లలకి మీలో ఎవరైనా ఇది చదివి వినిపించండి.

ఆ తర్వాత ఈ రెండేళ్ళూ ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్తూ వచ్చాను. దీపం వైపు మొహం పెట్టి కూర్చోవడం, తొందర లేకుండా మాట్లాడడం నేర్చుకున్నాను. పిన్ని పాట మాటలు ఆయన నోట చెప్పించుకుని పుస్తకంలో రాసుకున్నాను. రాగం ఆయన దగ్గర లేదు. ఎప్పుడూ వినలేదు కదా. సంతలో కూరల పేర్లు చెప్పినట్టు చెప్పుకుపోయేవాడు:

పార్వతీపురం దాటితే పలకరించే దిక్కు లేదు
రాయగడ దాటితే నా మాట నాకే మిగిలె

టిట్లాగఢ్‌లో తెల్లవారె, తెచ్చిన సద్ది ఆరె
రాయపూరు సేరేసరికి రాగిసెంబు ఖాళీ

పిన్నితో పాడినవాళ్ళలో బతికున్న ముగ్గురికి రాగం గుర్తుంది, మాటలు గుర్తులేవు. రెండూ కలిపి ఈ ఉగాదికి హాల్లో ఆ రెండు చరణాలూ పాడించాం. బాబాయ్ ముందు వరసలో కూర్చుని వాళ్ళ పెదాలు చూశాడు. రెండుచోట్ల తల అడ్డంగా ఊపాడు. పిన్ని అక్కడ ఊపిరి తీసుకునేదట, వీళ్ళు తీసుకోలేదట.

పోయిన నెల ఆయన్ని చివరిసారి చూశాను. మనిషి బాగా చిక్కిపోయాడు. మంచం మీద దిండుకి చేరబడి కూర్చున్నాడు. పుస్తకం తీసి మూడో చరణం అడిగాను. అంతకుముందెప్పుడూ అడగలేదు. అడగకూడదేమో కూడా. ఆయన మొదలుపెట్టాడు. "బిలాసుపూరు టేసనులో" అన్నాడు. నేను రాసుకున్నాను. అక్కడితో గొంతు ఆగింది. పెదాలు మాత్రం ఆగలేదు. నేను పెన్ను వదిలేసి ముందుకి వంగి ఆయన నోటి వంక చూశాను. రెండేళ్ళలో నాకూ కాస్త చదవడం వచ్చింది. నేను చదువుతున్నానని ఆయన కనిపెట్టేశాడు. భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది నాకు సెప్పింది తల్లీ. సంగానికి కాదు." అన్నాడు.

నేను పుస్తకం మూసేశాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నోటి దగ్గర ఆ తువ్వాలు గుడ్డ చిన్నగా కదులుతూనే ఉంది. మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మళ్ళీ కదిలింది.